వర్తకబృంద నిర్మాణము – బంధువిశ్వాసము

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను గాను. గుడ్డలమూట భుజమున వేసికొని యూరూర దిరిగి వర్తకము నేర్చినవాడను. అట్టి నన్ను ఈ మహాసభయందు మాట్లాడుమని ఆహ్వానసంఘమువా రాజ్ఞాపించినపుడు మొదట సంకోచించితిని. కాని వారిచ్చిన విషయము చూడగా, దీనినిగూర్చి చెప్పవలసినవారిలో నేనొకడనని తోచినది. కారణము మీకు ముందు తెలియగలదు. గొలుసుకట్టు వ్యాపారమనియు, నెట్‌వర్క్ మార్కెటింగనియు, ప్రత్యక్ష విక్రయమనియు పలుపేర్లతో నేడు మన యిండ్లలో ప్రవేశించిన వర్తకపద్ధతిలో కృతార్థులగుట యెట్లు, దానికి తగిన బృందమును కూర్చుకొనుట యెట్లు అనునదే నా ప్రసంగవిషయము.

బృందమును కట్టి వర్తకము చేయుట మనకు క్రొత్తవిద్య గాదు. సిరిసిల్ల మరమగ్గముల సంగతి మీలో ననేకులకు నాకంటె బాగుగ దెలియును. మన జనులు వానిని సాంచాలందురు. నూలు తెచ్చి పెట్టుబడి పెట్టు సేటు ఒకడు; ఆ నూలు గైకొని తన సాంచాలపై నేయించి యిచ్చు ఆసామి యొకడు; పగలురేయి సాంచాలను నడుపు కార్మికు డొకడు; కండెలు చుట్టు స్త్రీ యొకతె. వీరందరు నొక గొలుసులోని కొలికులే. ఆ గొలుసులో కూలి తక్కువ యని వివాదములున్నవి, ఆసామికి మిగులు తక్కువ యని మొరలున్నవి. ఆ బాధలను నేను కాదనను. కాని యొక్క విషయము గమనింపుడు. ఆ గొలుసు చివర గుడ్డ యున్నది. ఆ గుడ్డ ఊరు దాటి పోయి, మనకు బంధువుగాని, పరిచితుడుగాని కాని యెవడో దానిని గట్టుకొనును. వాని రూకలు మన యూరు చేరును. ఆ రూకలనే సేటు, ఆసామి, కార్మికుడు పంచుకొందురు.

మనవారు షోలాపురమునకు, భివండికి, బొంబాయికి వలసపోయినది కూడ బంధువుల యాధారముననే. ముందు పోయిన బావ గది చూపెను. మేనమామ మగ్గముకడ పని యిప్పించెను. చిన్నాయన కూతురి పెండ్లికి అప్పు పుట్టించెను. పత్రములు వ్రాసికొన్నవారు లేరు, సాక్షులను పిలిచినవారు లేరు. మాటయే పత్రము. పేదకులమునకు బంధువిశ్వాసమే మూలధనము. బ్యాంకు ఈయని అప్పును ఈ విశ్వాస మిచ్చినది, ప్రభుత్వము చూపని పనిని ఈ విశ్వాసము చూపినది. ఈ మూలధనమును ఎట్లు వినియోగింపవలెను, ఎట్లు వినియోగింపరాదు అనునదే నేడు నేను మీ యెదుట నుంచు ప్రశ్న.

ఈ వర్తకపద్ధతి పుట్టుక కొంచెము వినుడు. అమెరికా దేశమున 1886లో పుస్తకములను ఇంటింటికి దిరిగి యమ్ము నొక వర్తకుడు, పరిమళద్రవ్యములను స్త్రీలచేత ఇరుగుపొరుగిండ్లలో నమ్మించు పద్ధతి ప్రారంభించెను. అదియే తరువాత ఏవన్ అను పేర ప్రసిద్ధమాయెను. అప్పటి పద్ధతి సులభము: అమ్మిన సరకుపై అమ్మిన స్త్రీకి కమీషను. 1945 ప్రాంతమున పోషకద్రవ్యముల నమ్ము న్యూట్రిలైట్ అను సంస్థకు క్రొత్తపద్ధతి యొకటి తోడయ్యెను. తాను అమ్మిన సరకుపైననేగాక, తాను చేర్చిన వర్తకులు అమ్మిన సరకుపై కూడ కమీషను ముట్టును. ఆ సరకు నమ్మిన ఇరువురు మిత్రులు 1959లో మిచిగను రాష్ట్రమున ఆమ్వే సంస్థను స్థాపించిరి. 1990 తరువాత మన దేశమున వర్తకద్వారములు తెరచినపుడు ఇట్టి సంస్థలు పెక్కు వచ్చినవి. 1998లో ఆమ్వే ఇచ్చట విక్రయములు ప్రారంభించెను. దానిని జూచి దేశీయసంస్థలు లెక్కకు మిక్కిలిగా బయలుదేరినవి. పట్టణములనుండి మండలకేంద్రములకు, అచ్చటినుండి మన గ్రామములకు ఈ పద్ధతి ప్రాకినది.

చేర్చినవారి విక్రయముపై కమీషనిచ్చుట స్వతః దోషము గాదు. శిష్యునకు పని నేర్పిన గురువునకు కొంత ముట్టుట న్యాయమే. దోష మెక్కడ బుట్టుననగా, సరకు విక్రయమునుండి గాక మనుష్యులను జేర్చుటనుండియే లాభము రాదొడగినపుడు. 1979లో అమెరికా ప్రభుత్వ వర్తకసంఘము ఆమ్వేపై విచారణ జరిపి, ఆ సంస్థ పిరమిడు పథకము గాదని తీర్పుచెప్పినది. వారు ముఖ్యముగ నెంచిన నియమములు మూడు. అమ్ముడుపోని సరకును సంస్థ తిరిగి తీసికొనవలెను. బోనసు గోరువాడు తాను గొనిన సరకులో నూటికి 70 పాళ్లు ఆ నెలలో నమ్మియుండవలెను. మఱియు నెలకు పదిమంది వేర్వేరు వినియోగదారులకు చిల్లరగా నమ్మవలెను. అయినను సంపాదనలనుగూర్చి లేనిపోని యాశలు చూపరాదనియు ఆ తీర్పే శాసించినది. ఈ మూడు నియమముల తాత్పర్యమొక్కటే: గొలుసు చివర కొనువా డుండవలెను.

కొనువాడు లేని గొలుసు ఏమగునో ఇపుడు లెక్క వేయుదము. ఒక్కొక్కడు ఆరుగురిని జేర్పవలెనని పథకము చెప్పినదనుకొనుడు. మొదటి యంతస్తున 6 గురు. వారు చేర్చినవారు 36. ఆపై 216, 1,296, 7,776, 46,656, 2,79,936. ఎనిమిదవ యంతస్తున 16,79,616. తొమ్మిదవ యంతస్తున 1,00,77,696. ఇపుడు మన జనసంఖ్య చూడుడు. 2011 జనగణన ప్రకారము పూర్వపు కరీంనగరు జిల్లాలో 37,76,269 మంది, పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో 27,41,239 మంది. రెండును గలసి 65,17,508. అనగా తొట్టిలోని పసికందు మొదలు మంచమునబడిన వృద్ధునివరకు అందరిని జేర్చినను ఆ తొమ్మిదవ యంతస్తు నిండదు.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ఎనిమిదవ యంతస్తుతో గొలుసు నిలిచిపోయిన దనుకొనుడు. అప్పటికి చేరినవారు పైవానితో గూడ 20,15,539 మంది. వారిలో 16,79,616 మంది చిట్టచివరి యంతస్తువారు. వారి క్రింద నెవరును లేరు. అనగా ప్రతి ఆరుగురిలో ఐదుగురు ఇచ్చినవారేగాని పుచ్చుకొన్నవారు గారు. గొలుసు ఏ యంతస్తున దెగినను ఈ పాలు మారదు. శ్రద్ధ చాలదనియు, నమ్మకము చాలదనియు ఆ ఐదుగురిని నిందింతురు. అది లెక్కలోని దోషముగాని వారి దోషము గాదు.

ఇక చట్టము. 1978లోనే మన పార్లమెంటు బహుమతి చిట్లను, ద్రవ్య పరిభ్రమణ పథకములను నిషేధించుచు చట్టము చేసినది. సభ్యులను జేర్చుటపై నాధారపడి సులభధన మిత్తుమని చెప్పు పథకము, దానికి ఏ పేరు పెట్టినను, నిషిద్ధమే. దానిని నడుపువారికి మూడేండ్లవరకు ఖైదు, ఐదువేల రూపాయలవరకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. 2007 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆమ్వే పథకము ఆ చట్టము పరిధిలోనికి వచ్చునట్లు ప్రథమదృష్టికి కన్పట్టుచున్నదని తీర్పుచెప్పినది. 2022 ఏప్రిలులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటువారు ఆ సంస్థకు జెందిన 757 కోట్ల రూపాయలకు పైబడిన యాస్తులను తాత్కాలికముగ జప్తు చేసినట్లు ప్రకటించిరి. జప్తు వేఱు, నేరనిర్ణయము వేఱు. ఆ భేదమును మన మెఱిగి మాటలాడవలెను.

మన చేరువనే సైబరాబాదు పోలీసువారు 2018 సెప్టెంబరులో హర్యానాకు జెందిన ఫ్యూచర్ మేకర్ లైఫ్ కేర్ అను సంస్థ నాయకులను, 2019 మార్చిలో నోయిడాకు జెందిన ఈబిజ్ సంస్థ నాయకులను అరెస్టు చేసిరి. రెండవ వ్యవహారమున లక్షలకొలది జనులు చేరిరనియు, వారిలో విద్యార్థు లనేకులనియు పోలీసువా రారోపించిరి. కాలేజీ ఫీజునకై తండ్రి పంపిన సొమ్మును కుమారుడు చేరికరుసుముగ గట్టినాడనిన ఆ తండ్రి దుఃఖ మెట్టిదో మీరే యూహింపుడు.

2021 డిసెంబరులో కేంద్రప్రభుత్వము వినియోగదారుల రక్షణచట్టము క్రింద ప్రత్యక్షవిక్రయ నియమములను ప్రకటించినది. వీనినిబట్టి ఈ వర్తకము చట్టబద్ధమైన వర్తకమే. అందుచేత దీనిలోనున్న మనవారిని నేరస్థులవలె చూచుట తగదు. కాని పిరమిడు పథకమును, ద్రవ్యపరిభ్రమణ పథకమును ఆ నియమములు స్పష్టముగ నిషేధించుచున్నవి. సంస్థకు మన దేశమున రిజిష్టరైన కార్యాలయ ముండవలెను. వినియోగదారుని ఫిర్యాదును 48 పనిగంటలలో స్వీకరించినట్లు తెలిపి, నెలలో పరిష్కరింపవలెను. అమ్మువాడు గుర్తింపుకార్డు లేకుండ, ముందుగ సమయ మడుగకుండ ఎవరి యింటికిని పోరాదు. ఇతరులను జేర్చిన యెడల నీవు గొన్న సరకు వెల తగ్గునని యాశపెట్టి అమ్మరాదు. చేరినవానికి మనసు మారిన యెడల నష్టములేకుండ వైదొలగుటకు కొంత గడువుండవలెను. ఫిర్యాదునకు 1915 అను జాతీయ వినియోగదారుల సహాయసంఖ్య గలదు. ఈ యొక్క పేరాను మీ యింటి గోడకు అంటించుకొనుడని నా ప్రార్థన.

ఇపుడు నా సంగతి. 2011లో నా మేనల్లు డొకడు దసరాపండుగకు వచ్చి, ఒక పుస్తకము నా చేతబెట్టి, “మామా, నీవు ముప్పదియేండ్లు మూటమోసి సంపాదించినది నేను మూడేండ్లలో సంపాదింతును” అనెను. వాడు మంచివాడు, నేటికిని మంచివాడే. ఆ సంస్థ పేరు చెప్పుట నా యుద్దేశము గాదు. పండ్రెండువేల రూపాయల సరకు గొని చేరితిని. నన్ను జూచి మా చుట్టములలో పదునొకండు కుటుంబములవారు చేరిరి. వారు సరకును జూచి చేరలేదు, పథకమును జదివి చేరలేదు. “అన్న చేరినాడు, కావున తప్పుండదు” అని చేరిరి. అందులో నా పినతల్లి కూతురొకతె. భర్త లేనిది, బీడీలు చుట్టి కూడబెట్టిన సొమ్ము తెచ్చి నా చేతికిచ్చినది.

రెండునెలలకు నాకు 4,200 రూపాయల చెక్కు వచ్చినది. దానిని జనులకు జూపితిని, సభలలో చప్పట్లు కొట్టించుకొంటిని. ఒకనాటి రాత్రి నా పాత గుడ్డలకొట్టు లెక్కపుస్తకము దీసి, ఈ వర్తకపు లెక్కను గూడ అట్లే జమాఖర్చులుగ వ్రాసి చూచితిని. ఖర్చువైపున సరకు వెల, హైదరాబాదు సభలకు బస్సుచార్జీలు, భోజనములు, పుస్తకముల వెల. జమవైపున ఆ చెక్కు. ఆ చెక్కు ఎచ్చటినుండి వచ్చినదని విచారింపగా, బయటివాని కొక్కనికైనను నేను సరకమ్మిన జాడ లేదు. ఆ సొమ్ము నా పదునొకండు కుటుంబముల చేరిక సొమ్ములోని భాగమే. అనగా నా చెల్లెలు బీడీలు చుట్టిన సొమ్మును నాకు బహుమానమని చెప్పి యిచ్చిరి. నేను దానిని పుచ్చుకొని ఫోటో తీయించుకొంటిని.

ఆ సరకు మా యటుకమీద మూడేండ్లుండెను. చేరిన పదునొకండు కుటుంబముల సొమ్మును నేను మూడేండ్లలో వాయిదాలుగ తిరిగి యిచ్చితిని. నన్నెవరును అడుగలేదు, అడుగకపోవుటయే నాకు భారమాయెను. సొమ్ము దీరినది. కాని అందులో నొక కుటుంబమువారు నేటికిని మా యింటి శుభకార్యములకు రారు. నేను పత్రిక తీసికొని పోయిన యెడల పసుపుకుంకుమ లిచ్చి పంపుదురు, మర్యాద తప్పరు, రారు. సొమ్మును లెక్కపుస్తకమున జమకట్టవచ్చును. విశ్వాసమును జమకట్టు పద్దు ఏ పుస్తకమునను లేదు.

ఇందుచేత బృందమును గట్టి వర్తకము చేయరాదని నే ననను. ఆ నష్టమునకు తరువాత మా యింటిదియు నేనును కలసి వేరొక బృందమును గట్టితిమి. అందులో నలుగురు స్త్రీలు. గోదావరిఖని, మందమఱ్ఱి, శ్రీరాంపురము గనికార్మికుల కాలనీలలో చీరలు, దుప్పట్లు, తువాళ్లు వాయిదాలమీద నమ్ముట వారి పని. జీతముల వారము కాలనీ కాలనీకి దిరుగుదురు. నేడు ఆ బృందమున తొమ్మండ్రు గలరు. ఎవరును కోటీశ్వరులు గాలేదు. కాని ఒకతె కూతురిని నర్సుచదువు చదివించినది, ఒకతె యింటికప్పు వేయించినది. ఈ రెండనుభవములనుండి నేను నేర్చినవి మీకు చెప్పెదను.

మొదటిది: మొదటి యమ్మకము పరాయివానికి చేయవలెను. బంధువు కొన్నచో అది సరకుయొక్క యోగ్యతకు ప్రమాణము గాదు. వాడు మీ ముఖము చూచి కొన్నాడు. మిమ్ములను ఎఱుగనివాడు తన రూకలిచ్చి కొని, నెల తరువాత మరల అదే సరకు కావలెననినపుడే అది వర్తకము. అట్టివారు ఇరువదిమంది యేర్పడువరకు నొక్కని నైనను బృందములో జేర్చుకొనకుడు.

రెండవది: సరకు వెల దుకాణపు వెలతో పోల్చి చూడవలెను. పథకమును తీసివేసి, కమీషను తీసివేసి, ఈ డబ్బా ఈ వెలకు అంగడిలో నున్నచో నేను కొందునా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. కొననని మీ మనసు చెప్పినచో, మీ చెల్లెలికి దాని నంటగట్టకుడు.

మూడవది: అప్పుచేసి సరకు నింపరాదు. పొదుపుసంఘమునుండి తెచ్చిన యప్పు పశువునకో, మగ్గమునకో, విత్తనమునకో వెళ్లవలెను. అటుకమీది డబ్బాలకు గాదు. అమ్మగలిగినంత గొని, అమ్మిన పిదప మరల గొనుడు. పై హోదాకొరకు నెలాఖరున సరకు కొనుట అత్తరు చల్లిన జూదము.

నాలుగవది: జమాఖర్చు పుస్తకము వ్రాయవలెను. వచ్చిన చెక్కు ఆదాయము గాదు. దానినుండి సరకు వెల, ప్రయాణము, ఫోనుఖర్చు, సభల రుసుము, మీరు తిరిగిన దినముల కూలి తీసివేయగా మిగిలినదే యాదాయము. నెలకొకమారు ఆ పుస్తకమును ఇంటివారి యెదుట జదువుడు. భార్యకు చూపలేని లెక్క మంచిలెక్క గాదు.

ఐదవది: నాయకుడు ముందుగ నడువవలెను. క్రొత్తగ జేరిన స్త్రీతో మొదటి నెల తానే కాలనీకి వెళ్లి, తలుపు తట్టుట, సరకు చూపుట, ధర చెప్పుట, కొననివారికిని నమస్కరించి వచ్చుట నేర్పవలెను. పాతబాకీ యడుగుట అన్నిటికంటె కష్టమైన విద్య. అది పుస్తకములలో లేదు. చేర్చి విడిచిపెట్టువాడు నాయకుడు గాడు, దళారి.

ఆఱవది: సంపాదనను గూర్చి యున్నదున్నట్లు చెప్పవలెను. ఒకడు కొన్న కారును జూపి నూరుమందిని జేర్చుట సులభము. మన బృందమున సగటున నెలకు మిగులునది ఇంత, మొదటి యారుమాసములు కష్టమని చెప్పి చేర్చినవారే నిలుతురు. మా తొమ్మండ్రును అట్లు చెప్పి చేర్చినవారే.

ఈ నియమములు నా కొక్కనికి తోచినవని తలంపకుడు. ఈ జిల్లాలోనే ఇంతకంటె గొప్ప నిదర్శన మున్నది. భీమదేవరపల్లి మండలము ములుకనూరు గ్రామము 2016 వరకు కరీంనగరు జిల్లాలోనిదే. నేడు హనుమకొండ జిల్లాలో నున్నది. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి నాయకత్వమున అచ్చట కొన్ని గ్రామముల రైతులు గలిసి సహకార గ్రామీణ పరపతి విక్రయసంఘమును స్థాపించిరి. రైతునకు అప్పిచ్చుట, ఎరువు విత్తనము లందించుట, పండిన పంటను కొని బయట నమ్ముట ఆ సంఘము పనులు. దానిలో గూడ సభ్యుడు సభ్యుని దెచ్చెను. గ్రామము గ్రామమును దెచ్చెను. అయినను సంఘమునకు బలము సభ్యుల చేరిక రుసుములనుండి రాలేదు. బయట నమ్మిన ధాన్యమునుండి, పత్తినుండి, విత్తనములనుండి వచ్చినది. లాభము మరల సభ్యులకే చేరినది. అరువదియేండ్లకు పైబడియు ఆ సంఘము నిలిచియున్నది.

ఆ ములుకనూరుననే స్త్రీల పాలసహకార సంఘము గలదు. 1995 నాటి పరస్పర సహాయ సహకారసంఘముల చట్టము క్రింద, సహవికాస సంస్థవారి తోడ్పాటుతో, పొదుపుసంఘములలో ఆరితేరిన గ్రామస్త్రీలు దానిని గట్టిరి. 2002నుండి స్వకృషి యను పేర వారి పాలు పట్టణములకు పోవుచున్నవి. వేలకొలది స్త్రీలు ఉదయసాయంకాలములందు పాలుపోయుదురు. ఎవతె చేరినను ముందుగ జేరిన దానికి కమీషను లేదు. ఎవతె యెంత పాలు పోసినదో, ఆ పాలలో వెన్న యెంతయో, అంత సొమ్ము. ఇంతకంటె పెద్ద బృంద మీ ప్రాంతమున నెవరు కట్టగలిగిరి? వారికి వేదికలమీద చప్పట్లు లేవు, విదేశయాత్రలు లేవు. తెల్లవారుజామున పాలక్యాను మాత్రమున్నది.

ఆదిలాబాదువైపు చూడుడు. నిర్మలు పొణికికఱ్ఱ బొమ్మలు చేయువారు సహకారసంఘముగ గూడి తమ సరకును దేశమంతట నమ్ముచున్నారు. ఉట్నూరు ప్రాంతపు ఆదివాసిస్త్రీలు ఇప్పపూలతో లడ్డులు చేసి అమ్ముచున్నారు. అమ్మదగిన సరకు మన చేతులలోనే యున్నపుడు, దూరదేశపు డబ్బాకొరకు చుట్టములను వెదకనేల? సిరిసిల్ల దుప్పటియు, కరీంనగరు వెండితీగపనియు, నిర్మలు బొమ్మయు ఒక్క మూటలో బెట్టుకొని, షోలాపురము, భివండి, సూరతు, గల్ఫుదేశములలోని మనవారు అచ్చటి పరాయివారికి అమ్మగల బృందమును గట్టినచో, అది కదా మన బంధుబలమునకు తగిన వినియోగము! బంధువు కొనువాడుగ గాక, అమ్మించువాడుగ నుండవలెను. ఈ భేదమును గుర్తించినవాడు ఈ వర్తకములో సగము విద్య నేర్చినట్లే.

సభాసదులారా! ఈ విషయమున సంఘమునకు గూడ కొన్ని బాధ్యతలు గలవు. సంఘసభ్యుల పట్టికలో మన యందరి పేర్లు, గ్రామములు, ఫోనుసంఖ్య లున్నవి. వివాహసంబంధముల కుపయోగపడునని విశ్వాసముతో మన మిచ్చిన వివరములవి. ఏ వర్తకసంస్థకును, అందులో నున్న ఏ సభ్యునకును ఆ పట్టిక చేరరాదు. సంఘభవనమును పెండ్లికి, విద్యార్థుల సత్కారమునకు ఇయ్యవలెను. చేరికల సభల కద్దె కీయరాదు. అద్దె కొంచెము తగ్గును, నిజమే. కాని సంఘభవనమున జరిగిన సభ యన్నంతనే, సంఘము హామీ యిచ్చినదని పల్లెనుండి వచ్చిన ముసలమ్మ నమ్మును. సంఘనాయకులు వేదికపై కూర్చున్న ఫోటో ఒక్కటి చాలును, వంద కుటుంబములు ముందువెనుకలు చూడకుండ సంతకము పెట్టుటకు. ఇది సంఘనాయకులను నిందించుట గాదు. వారి గౌరవమెంత విలువైనదో చెప్పుట.

పోషక మహాశయులకు నా విన్నపమొకటి. మీరు విద్యార్థివేతనములకు, భవననిర్మాణమునకు ధారాళముగ నిచ్చుచున్నారు. అట్లే చిన్నపెట్టుబడితో సరకు నమ్మదలచిన స్త్రీలకు మొదటిమూట అప్పుగ నిచ్చు నిధి యొకటి యేర్పరచుడు. వడ్డీ వలదు, అమ్మిన పిదప అసలు తిరిగి యిత్తురు. మఱియు సంఘములోని అకౌంటెంట్లు, వకీళ్లు ఇద్దరు ముగ్గురు కూడి, ఏ పథకమైనను సభ్యుడు తెచ్చి చూపినచో చదివి, దాని లెక్క వేసి చెప్పునట్లు ఏర్పాటు చేయుడు. నా మేనల్లుడు తెచ్చిన పుస్తకమును ఆనాడు ఎవరైన నాకు చదివి చెప్పియుండినచో, పదునొకండు కుటుంబములవారు నేటికిని మా యింటి పెండ్లికి వచ్చియుందురు.

యువకులకు కడపటి మాట. మీరు ధనము సంపాదింపవలెను, బృందములు గట్టవలెను, మాకంటె పెద్దవర్తకులు గావలెను. మీ యుత్సాహమును చల్లార్చుటకు నేను రాలేదు. కాని ఒకని యింటికి పోయి బావా యని పిలిచినపుడు, ఆ పిలుపు ఎవరు సంపాదించి పెట్టినదో తలచుకొనుడు. అది మీ తాత యొక కరవుకాలమున ఆ యింటికి చేసిన మేలు. ఆ యింటివారు మీ తండ్రి కష్టమున నిలిచిన తోడు. తరములు కూడబెట్టిన ఆ ధనమును ఒక చేరికరుసుముకొరకు మార్చుకొనకుడు. సరకును బయటివానికి అమ్ముడు. బంధువును ఇంటికి పిలిచి అన్నము పెట్టుడు.

నా మాటలలో తొందరపాటున్న యెడల పెద్దలు మన్నింపవలెను.